జొన్నపిండి డబ్బాలో ఓట్స్

ఇంట్లో ఓట్స్ పిండి చేయడం చాలా తేలిక. అంత తేలిక కాకపోయుంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటాను. ప్యాకెట్ చించి మందపాటి గిన్నెలో పోసి, సన్నటి మంట మీద చేయి ఆపకుండా కలుపుతుంటే నాలుగైదు నిమిషాల్లో పచ్చివాసన పోతుంది. రంగు మారనివ్వకూడదు, మారితే చేదు వస్తుంది. పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద మిక్సీలో వేస్తే మూతకు చెమట పట్టి పిండి ఉండలు కడుతుంది. నా మొదటి వాయి అట్లాగే పాడైంది. ఆగి ఆగి తిప్పాలి, సన్న జల్లెడ పట్టాలి, పైన మిగిలినదాన్ని మళ్లీ మిక్సీలో వేయాలి. అంతే. అట్లా వచ్చిన పిండిని జొన్నపిండి పక్కన పెడితే చూపుకు పెద్ద తేడా తెలియదు. నేను చేసిన పనికి ఆ పోలికే సాయపడింది.

నేను ముప్పై ఏళ్లు ప్రైవేటు బళ్లో లెక్కలు చెప్పినదాన్ని. ఎదుటివాళ్ల తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేను. నా ముందు నోరు విప్పాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలని మా ఆయన ఇప్పటికీ అంటుంటాడు. బడి మానేశాక నా దగ్గర మిగిలిన ఎర్రసిరా అంతా ఇంటి మీద పడింది. సిద్దిపేటలో మా ఇంట్లో ఉండేది ముగ్గురమే: నేను, మా ఆయన, మా అత్తమ్మ. మా ఆయనను దిద్దడం ఎప్పుడో మానుకున్నాను కాబట్టి మిగిలింది అత్తమ్మ.

అత్తమ్మది చింతమడక దగ్గరి పల్లె. చదువు లేదు, టౌనుకు వచ్చి ఇన్నేళ్లయినా ఒంటరిగా ఆటో ఎక్కదు. కానీ జొన్నరొట్టె విషయంలో మా వీధిలో ఆమె మాటకు తిరుగులేదు. ఉడుకునీళ్లు పోసి పిండిని అరచేతి అడుగుభాగంతో నలిపి నలిపి ముద్ద చేస్తుంది. చెక్కపీట మీద పొడిపిండి చల్లి, ముద్ద పెట్టి, ఒక చేత్తో తడుతూ ఇంకో చేత్తో తిప్పుతుంది. చూస్తుండగానే అది కంచమంత అవుతుంది. దాన్ని రెండు చేతుల మీదికి తీసుకొని పెంక మీద వేస్తే ఒక్క ముడత పడదు. ఈలోపు ఆమె నాతోనో పక్కింటి వాళ్లతోనో మాట్లాడుతూనే ఉంటుంది. చేతివైపు చూడనే చూడదు.

మా దగ్గర చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. చుట్టుపక్కలవాళ్లే అన్నమో కూరో వండి తీసుకుపోతారు. మా వీధిలో అట్లాంటి ఇంటికి ముందుగా చేరేది అత్తమ్మ రొట్టెల దొంతరే. పాత బట్టలో చుట్టి, నెత్తి మీద కొంగు సర్దుకొని, ఎవరూ పిలవకుండానే పోతుంది. ఏడ్చి ఏడ్చి అన్నం వద్దన్నవాళ్లు కూడా ఆమె తుంచి ఇస్తే ఒక ముక్క తింటారు. ఇంట్లో ఆమెకు పెద్దరికం తెచ్చింది వయసు కాదు, ఆ రొట్టె.

నా రొట్టె మాత్రం ఎప్పుడూ కుదరలేదు. పెళ్లయిన కొత్తలో చుట్టాల ముందు నేను చేసిన మొదటి రొట్టె పెంక మీద నాలుగు పగుళ్లు ఇచ్చింది. అత్తమ్మ దాన్ని ఎత్తి చూపించి, దీనికి కుట్లు వేయించాలి, దవాఖానకు తోలుకపోండ్రి అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత పీట ముందు కూర్చోవడం మానేశాను. నాకు చపాతీలు వస్తాయి, అవి చాలు అనుకున్నాను. అయినా ఆ నవ్వు నన్ను వదలలేదని చెప్పకపోతే ఈ రాత అబద్ధమవుతుంది.

రెండేళ్ల కింద అత్తమ్మకు రక్తపరీక్ష చేయిస్తే షుగర్‌తో పాటు కొవ్వు కూడా ఎక్కువుందని తేలింది. డాక్టర్ నూనె తగ్గించమన్నాడు, రాత్రి అన్నం మానమన్నాడు, పొద్దున ఓట్స్ జావ తాగించి చూడమన్నాడు. జొన్నరొట్టె గురించి ఆయన ఏమీ అనలేదు. అది షుగర్‌కు మంచిదని మా అందరికీ తెలిసిందే. మరుసటి రోజే ఓట్స్ తెచ్చి జావ కాచాను. అత్తమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకొని, బాలింతకు పెట్టే గంజి కంటే కనాకష్టంగా ఉందని గ్లాసు పక్కకు జరిపింది. మర్నాడు మజ్జిగ పోశాను, ఆ మర్నాడు ఉప్పుకారం వేశాను. నాలుగో రోజు గ్లాసు చూడగానే మంచం మీద అటు తిరిగి పడుకుంది.

వద్దంటే వదిలేయాల్సింది. కానీ డాక్టర్ రాసిచ్చిన కాగితం నా చేతిలో ఉంది, దాని మీద ఒక మాట దిద్దకుండా మిగిలిపోయింది. ఫోనులో వీడియోలు చూశాను. ఓట్స్‌ను పిండి చేసి ఏ పిండిలోనైనా కలపొచ్చట, తినేవాళ్లకు తెలియనే తెలియదట. మధ్యాహ్నం అత్తమ్మ ఎదురింటి అవ్వ దగ్గరికి ముచ్చట్లకు పోయినప్పుడు వేయించి, పట్టి, జల్లించి జొన్నపిండి డబ్బాలో కలిపేశాను. మూడు పాళ్ల జొన్నకు ఒక పాలు ఓట్స్. చేతులు కడుక్కొని, మిక్సీ జార్ తుడిచి బోర్లించి, ఏమీ ఎరగనట్టు టీవీ ముందు కూర్చున్నాను. ఆమె మంచికోసమే కదా అని నాకు నేను చెప్పుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. అంత నమ్మకం నా మీద నాకు.

ఆ సాయంత్రం రొట్టె బాగానే వచ్చింది. పిండి కొంచెం చేతికి అంటుకుంటోందని అత్తమ్మ రెండుసార్లు పొడిపిండి చల్లుకుంది, అంతే. రెండు నెలలు అట్లా గడిచాయి. మళ్లీ పరీక్ష చేయిస్తే కొవ్వు కాస్త తగ్గింది. నూనె తగ్గించడం వల్లనో మందుల వల్లనో కూడా తగ్గి ఉండవచ్చు. కానీ నేను ఆ లెక్క నా ఖాతాలో వేసుకున్నాను. ఓట్స్ వంతు పెంచాను. సగం జొన్న, సగం ఓట్స్.

మొదటి రొట్టె తెగిన సాయంత్రం బాగా గుర్తుంది. వాన పడుతోంది, కరెంటు పోయి వచ్చింది. అత్తమ్మ ముద్దను తడుతోంది. సగం పెద్దదయ్యాక అది పీటకు అంటుకుంది. అంచు కింద వేళ్లు పెట్టి లేపబోతే నడిమికి చీలింది. ఆమె ముద్ద చేసి మళ్లీ తట్టింది. మళ్లీ చీలింది. మూడోసారి మందంగా తట్టి ఎట్లాగో పెంక మీద వేస్తే, అది పొంగకుండా మొద్దులాగా ఉండిపోయింది. దానికి కుట్లు వేయించాలన్న మాట నా నోటి చివరి దాకా వచ్చింది. అనలేదు. కానీ లోపల ఒక మూల చల్లగా అనిపించింది. ముప్పై ఏళ్ల నాటి నవ్వుకు ఇన్నాళ్లకు బదులిచ్చినట్టు సంతోషపడ్డాను. అది ఒక్క నిమిషమే ఉంది. ఆ ఒక్క నిమిషం గురించి ఎవరికీ చెప్పుకోలేదు.

అత్తమ్మ మొదట జొన్నలను తిట్టింది. కాలువ నీళ్లొచ్చినప్పటి నుంచి ఊళ్లన్నీ వరి వేస్తున్నాయి. జొన్న కావాలంటే జగదేవ్‌పూర్‌లో ఉన్న మా చుట్టాలు వానకు పండే చెలకలో కొంచెం వేసుకున్నది తెప్పించుకోవాలి. ఈసారి జొన్నలు పాతవి పంపారేమో అంది. ఫోను చేయిస్తే కొత్తవేనన్నారు. అయితే గిర్నీలోనే ఏదో కలిసి ఉంటుంది అంది. మా వీధి చివర పిండి గిర్నీ ఉంది. ముందు ఎవరిదో బియ్యం పట్టి, రాయి దులపకుండా మన జొన్నలు పోస్తే ఆ పిండి ఈ పిండి కలుస్తుంది. అత్తమ్మకు అది తెలుసు. నన్ను వెంటబెట్టుకొని గిర్నీకి పోయింది.

గిర్నీ ఆయన మాకు పాతికేళ్లుగా తెలుసు. అత్తమ్మ నలుగురి ముందు ఆయన్ని నిలదీసింది. కల్తీ పిండి ఇచ్చి ముసలిదాన్ని మోసం చేస్తున్నవా అని అడిగింది. ఆయన మొహం చిన్నబోయింది. మిషన్ ఆపి, రాయి విప్పి, బ్రష్షుతో దులిపి, ఆమె కళ్ల ముందే జొన్నలు పోసి పట్టి ఇచ్చాడు. నేను అక్కడే సంచి పట్టుకొని నిలబడ్డాను. ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆ మాట చెబితే అందరి ముందూ నేను ఏమవుతానో ఆలోచించాను. ఆయన ఏమయ్యాడో ఆలోచించలేదు.

ఆ తాజా పిండిని అట్లాగే వదిలేసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. గిర్నీదే తప్పనుకొని అత్తమ్మ మళ్లీ రొట్టెలు చేసుకునేది. కానీ తర్వాతి పరీక్షకు ఇరవై రోజులే ఉన్నాయి. ఈసారి కూడా కొవ్వు తగ్గిందని తేలితే అప్పుడు అందరికీ చెప్పి, ఓట్స్ గొప్పతనం ఒప్పించి, మానేద్దామనుకున్నాను. మరుసటి మధ్యాహ్నం మళ్లీ కలిపాను. కొంచెమే కలుపుదామని మొదలుపెట్టి, పట్టిన పిండి మిగిలిపోతుందని మొత్తం పోసేశాను.

ఆ సాయంత్రం రొట్టె చీలినప్పుడు అత్తమ్మ జొన్నలను తిట్టలేదు, గిర్నీని తిట్టలేదు. కుడిచేతిని మొహం ముందుకు తెచ్చుకొని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. వేళ్లు ముడిచింది, చాపింది. వాళ్ల అక్కకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. అది మొదలైంది చేతిలో గిన్నెలు జారడంతోనేనని మా ఇంట్లో ఎన్నోసార్లు చెప్పుకున్నాం. పొయ్యి ఆర్పేసి, పీటను గోడకు ఆనించి నాతో అంది:

"నా చేతులు పోయినయ్ బిడ్డా. ఇగ నువ్వే చేసుకో."

దవాఖానకు పోదామంటే ససేమిరా అంది. పోతే ఆ మాటే చెబుతారని భయం. మా ఆయన, వయసైపోయింది కదా అమ్మా, ఎన్నాళ్లని చేస్తావు, కూర్చో అన్నాడు. వీధిలో ఆడవాళ్లు కూడా అదే అన్నారు. ఎవరి నోట విన్నా ప్రేమగానే ఉంది, ప్రతి మాటా ఆమెను ఒక అడుగు వెనక్కి నెట్టింది. నాకు భయమేసింది. ఇక కలపడం మానేశాను, మిగిలిన ఓట్స్ చెత్తబండిలో పడేశాను. అయితే మానేసి ఏం లాభం? ఆమె ఇక పిండి డబ్బా మూత తీయనేలేదు.

వంటింట్లోకి రావడం తగ్గించింది. కుడిచేతిని కొంగు కింద పెట్టుకొని కూర్చోవడం అలవాటైంది. గ్లాసు ఎడమచేత్తో అందుకునేది. నేను చపాతీలు చేసి పెడితే ఒకటి తిని, బాగున్నదనేది. అత్తమ్మ నా వంట బాగున్నదని అనడం ఎన్నో ఏళ్లు కోరుకున్నాను. ఇప్పుడు వినలేకపోయాను. రోజూ పొద్దున ఈ రోజు చెబుదామనుకునేదాన్ని. చెబితే ఏమంటుందో, మా ఆయన ఏమంటాడో, గిర్నీ ఆయన మొహం ఎట్లా చూడాలో అనుకుంటూ సాయంత్రం చేసేదాన్ని. నాలుగు నెలలు అట్లా పోయాయి.

చలికాలంలో ఎదురింటి అవ్వ చనిపోయింది. అత్తమ్మకు ఆమె ఒక్కతే స్నేహితురాలు. ఇద్దరూ ఒకే ఏడు ఈ వీధికి వచ్చారు. ఇద్దరిలో ఎవరు ముందుపోతే రెండోవాళ్లు ఆ ఇంటికి రొట్టెలు తేవాలని సరదాకి అనుకునేవాళ్లు. దహనం అయిపోయి ఆ ఇంటివాళ్లు స్నానాలు చేసి వచ్చేసరికి వీధిలోవాళ్లు అన్నం, పప్పు, చారు తెచ్చి పెట్టారు. అత్తమ్మ మా గడపలో కూర్చుని ఆ గిన్నెలు పోవడం చూస్తోంది. నేను చపాతీలు చేసి ఇస్తాను, తీసుకుపో అన్నాను. వద్దంది. కాసేపటికి లేచి ఖాళీ చేతులతో పోయి, ఆ ఇంటి మూలకు కూర్చుని వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదట. రొట్టెలేవని ఒక్కరూ అడగలేదట. అడగనందుకే ఆమె ఆ రోజు చాలాసేపు ఏడ్చింది.

ఆ తర్వాత వారం నేను మొండిపట్టు పట్టి ఆమెను డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన తన రెండు వేళ్లు ఆమెకిచ్చి గట్టిగా పట్టుకోమన్నాడు. చేతులు పైకెత్తమన్నాడు, కళ్లు మూసుకొని ముక్కు ముట్టుకోమన్నాడు. ఏమీ లేదమ్మా, చేతులు ఉక్కులాగా ఉన్నాయి, రొట్టె మానకు, అదే నీకు మంచి ఆహారం అన్నాడు. బయటికొచ్చాక అత్తమ్మ, పాపం ఆయనకు రొట్టె సంగతి ఏం తెలుసు అంది. ఆటోలో ఆమె పక్కన కూర్చున్నాను. ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండా చెప్పేశాను.

"అత్తమ్మా, నీ చేతులకు ఏం కాలే. పిండి నేనే ఖరాబు చేసిన. నీకు చెప్పకుంట జొన్నపిండిల ఓట్స్ పిండి కలిపిన."

తిడుతుందని, చేయి చేసుకుంటుందని, కొడుకును పిలుస్తుందని అనుకున్నాను. అన్నింటికీ సిద్ధపడ్డాను. ఆమె నన్ను మంచం మీద తన పక్కన కూర్చోమంది.

"అరవై ఏండ్లు పిండిల చెయ్యి పెట్టిన. ఏం కలిపినా నాకు తెల్వకుంట ఉంటదా? నా మనసు కుదుట పడాలని చెప్తున్నవ్, నాకెరుకే."

కాదన్నాను. ఒట్టు పెట్టాను. దుకాణానికి పోయి ఓట్స్ తెచ్చి ఆమె ముందే వేయించి, పట్టి, జల్లించి పళ్లెంలో పోసి చూపించాను. ఆమె ఆ పిండిని వేళ్ల మధ్య రాసి చూసింది, నాలుక మీద వేసుకుంది, నీటి చుక్క వేసి నలిపింది. ఇది జిగట పిండి, దీని వాసన వేరు, ఇది కలిపి ఉంటే నాకు అప్పుడే దొరికిపోయేదానివి అంది. ఆమె మాటల్లో ఎన్నాళ్ల తర్వాతో పాత గట్టితనం వినబడింది. అప్పుడు నాకు విషయం అర్థమైంది. నా మాట నమ్మాలంటే, ఇన్ని నెలలు తన పిండిని తానే గుర్తుపట్టలేదని ఆమె ఒప్పుకోవాలి. చేతులు పోయాయంటే భరించింది. అది భరించలేదు.

నాకు మిగిలిన దారి ఒక్కటే. జొన్నలు తెప్పించి గిర్నీకి నేనే పోయాను. గిర్నీ ఆయనకు జరిగింది చెప్పి క్షమించమన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు, పట్టిన పిండి సంచిలో పోసి ఇచ్చి వేరేవాళ్ల బియ్యం అందుకున్నాడు. ఇంటికొచ్చి పీట కడిగి, నీళ్లు మరిగించి అత్తమ్మను బతిమాలి కూర్చోబెట్టాను. ఒక్క రొట్టె చేయి చాలు, నీకే తెలుస్తుందన్నాను. నేను అంతగా బతిమాలడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అందుకే కూర్చుంది.

ముద్ద బాగానే కలిపింది. పీట మీద పెట్టి తట్టడం మొదలుపెట్టింది. రెండు దెబ్బలు వేసి చేతిని చూసుకుంది. మళ్లీ రెండు దెబ్బలు వేసి ఆగి వేళ్లను చూసుకుంది. రొట్టె తట్టే చేయి ఆగకూడదు, ఆగితే అంచు ఆరి పగుళ్లిస్తుంది. ఆ సంగతి నాకు చెప్పింది ఆమే. అయినా ఆగుతూనే ఉంది. అరచేయి సన్నగా వణుకుతోంది. ఆ వణుకు డాక్టర్ దగ్గర లేదు. పీట ముందే వచ్చింది. రొట్టె అంచుల వెంట పగిలింది, చేతుల మీదికి తీసుకోబోతే నడిమికి తెగి సగం పీట మీదే ఉండిపోయింది. ఇంకొకటి చేయమన్నాను. అదీ అంతే. మూడోది నేను అడగలేదు.

ఆమె చేతులు కడుక్కొని కొంగుతో తుడుచుకుంది. కోపం లేదు, ఏడుపు లేదు.

"చూసినవా. పిండి మంచిగనే ఉన్నది," అంది.

అది జరిగి ఏడాది దాటింది. డబ్బాలో ఎప్పుడూ స్వచ్ఛమైన జొన్నపిండి ఉంచుతాను. ఆమె ముట్టుకోదు, నాకు రాదు, పురుగు పట్టే ముందు ఎవరికైనా ఇచ్చేస్తాను. మా ఆయనకు కూడా చెప్పాను. నువ్వు కలిపింది నిజమే అయినా అమ్మకు వయసు రాలేదంటావా అని పేపరు తిప్పాడు. అత్తమ్మ రిపోర్టులు మాత్రం ఇప్పుడు చాలా బాగున్నాయి. సన్నబడింది. డాక్టర్ నన్ను మెచ్చుకున్నాడు.

మొన్న జగదేవ్‌పూర్‌లో చుట్టాల కొత్తింటికి పోయాం. భోజనాలయ్యాక ఆడవాళ్లం వరండాలో చాప మీద కూర్చున్నాం. ఎవరో అత్తమ్మతో, ఈ మధ్య నీ రొట్టె తినే భాగ్యమే లేదు పెద్దమ్మా అన్నారు. ఆమె కుడిచేతిని కొంగులోంచి తీసి నా మోకాలి మీద పెట్టింది.

"చేతులు పోయినయ్ బిడ్డా నాకు. నేను రంది పడుతున్నానని మా కోడలు తప్పంత తన మీదేసుకున్నది. పిండిల నేనే ఏదో కలిపిన అత్తమ్మా అని ఒట్టు గూడ పెట్టింది. కడుపున పుట్టిన బిడ్డ గూడ గంత చెయ్యదు."

అందరూ నా వైపు తిరిగారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. అది నిజమేనని, నేను కలిపానని, మళ్లీ ఒకసారి చెప్పాలని నోరు తెరిచాను. అత్తమ్మ, చూసిండ్రా, ఇంకా అదే మాట చెప్పబోతున్నది అన్నట్టు వాళ్లను చూసి తల ఊపింది. నేను నోరు మూసుకొని తల వంచుకున్నాను. దాన్ని కూడా వాళ్లు వినయమే అనుకున్నారు.